క్యాంపు కదిలిన ఎండాకాలం

మా క్యాంపు చరిత్ర రాసిపెట్టమని స్కూలు కమిటీ వాళ్లు నా వెంట పడి ఏడాది దాటింది. క్యాంపు మొత్తంలో తెలుగు తప్పుల్లేకుండా రాసేది నేనొక్కదాన్నేనట. పొగడ్త బాగానే ఉంది గానీ, వాళ్లు అడిగేవి వింటే నాకు ఒళ్లు మండుతుంది. బెంగాల్ వాళ్లు ఆదిలాబాద్ జిల్లాకు ఎప్పుడొచ్చారు, లారీలోంచి మొదట దిగిందెవరు, మొదటి బావి ఎవరు తవ్వారు, మొదటి దుర్గ పూజకు ముందు నిలబడిందెవరు, అన్నీ వరసగా కావాలట. నేనేమైనా ఆ లారీలో ఉన్నానా? నేను కరీంనగర్ దిక్కు సాలోళ్ల పిల్లను, నేతపని చేసే ఇంటిదాన్ని. లారీ దిగినవాళ్ల ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. పోనీ దిగినవాళ్లనే అడుగుదామంటే తలా ఒకటి చెప్తారు. మొదట దిగింది మా నాయనే అని ఎంతమంది నాతో ఒట్టేసి చెప్పారో!

నాకు నిక్కచ్చిగా తెలిసింది ఒక్క ఎండాకాలం. డెబ్బై ఎనిమిదిలో వచ్చిన ఎండాకాలం. క్యాంపు ఇక్కడే ఉంటుందా, మూటలు కట్టుకుని లేచిపోతుందా అన్నది అప్పుడే తేలింది. దాంతోపాటు నా బతుకూ తేలింది. రాస్తే అదే రాస్తాను. కమిటీకి నచ్చకపోతే అచ్చు వేసుకోవద్దు.

ముందు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే నేను అంత మొండికి ఎందుకు దిగానో ఎవరికీ అర్థం కాదు. మా బాపుది గుంట మగ్గం. ఇంట్లో నేల తవ్వి, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం. ఊళ్లోకి మరమగ్గాలు వచ్చాక బాపు నేసిన తువ్వాళ్లు అడిగేవాళ్లు తగ్గిపోయారు. చిన్నాయనలు మరమగ్గాల కూలికి భీవండి పోయారు. బాపు అంత దూరం పోనన్నాడు, ఉన్నచోటా ఉండలేకపోయాడు. ఒక ఊరు మారి అక్కడ గుంట తవ్వాడు. అక్కడ సాగక జమ్మికుంట పోయాం, అక్కడా తవ్వాడు. చివరికి అరవై తొమ్మిదిలో, తెలంగాణ గొడవకు బళ్లన్నీ మూతపడ్డ ఏడు, కాగితం మిల్లులో కూలి దొరుకుతుందని కాగజ్‌నగర్ చేరాం.

ఇల్లు వదిలే ప్రతిసారీ మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ గుంట పూడ్చేది. తెరిచి వదిలేస్తే అరిష్టమని ఆమె నమ్మకం. మట్టి మోసే పని నాది. తట్ట నెత్తిన పెట్టుకుని వాకిట్లోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి వాకిట్లోకి తిరుగుతూ ఏడ్చేదాన్ని. ఏడుస్తున్నానని అవ్వ వీపు మీద ఒకటి వేసేది. ఊరు మారుతున్నాం అన్న మాట ఎవరి నోట విన్నా ఇప్పటికీ నా మెడ నరాలు గుంజుతాయి.

మేం వచ్చేసరికే అడవి అంచున బెంగాల్ వాళ్ల క్యాంపు ఉంది. తూర్పు పాకిస్తాన్‌లో గొడవలకు తట్టుకోలేక సరిహద్దు దాటి వచ్చినవాళ్లు. రైళ్లలో, గుడారాల్లో, రాయ్‌పూర్ దిక్కున పెద్ద శిబిరంలో కొంతకాలం గడిపాక సర్కారు లారీలెక్కించి తెచ్చి ఇక్కడ దింపింది. ఇంటింటికీ కొంత భూమి, ఒక జత ఎడ్లు, కప్పుకు రేకులు ఇచ్చింది. నీళ్ల దేశం మనుషులు గదా, అలవాటు ఎక్కడికి పోతుంది? వరద వస్తుందని నడుమెత్తు మట్టి పోసి, దాని మీద ఇళ్లు వేసుకున్నారు. మట్టి తీసిన చోట కుంట చేసుకున్నారు. వాన ఎప్పుడొస్తుందా అని మొగులు దిక్కు చూసే మా వాళ్లకు ఆ ఎత్తు ఇళ్లు చూస్తే ఒకటే నవ్వు.

మిల్లులో కూలి చేస్తూనే బాపు మళ్లీ మగ్గం వేశాడు. వారం వారం అంగట్లో తువ్వాళ్లు పరుచుకుని కూర్చునేవాళ్లం. ఒకసారి క్యాంపు నుంచి ఒకతను పాత చిరుగుల గుడ్డ తెచ్చి బాపు చేతిలో పెట్టాడు. ఎర్ర గళ్ల గంచా, వాళ్ల దేశంలో మగవాళ్లు భుజాన వేసుకునేది. అచ్చం ఇవే గళ్లతో నేసిస్తావా అని అడిగాడు. బాపు నేసిచ్చాడు. తర్వాత క్యాంపులో సగం మంది మా దగ్గరే కొన్నారు. ఆ మొదటి మనిషి మాత్రం ప్రతి అంగడికీ వచ్చి ఒకటి కొనుక్కుపోయేవాడు. ఒక్క మనిషికి అన్ని తువ్వాళ్లు ఎందుకో మొదట అవ్వకు అర్థమైంది, తర్వాత నాకు.

పెళ్లికి మా చుట్టాలు చాలామంది రాలేదు. భాష రాదు, కులం తెలియదు, ఎక్కడి నుంచో ఎగిరొచ్చినవాళ్లకు పిల్లనిస్తావా అని బాపును తిట్టిపోశారు. బాపు చెప్పిన జవాబు ఒక్కటే. వాళ్లకు భూమి ఉంది, భూమి ఉన్నోడు ఊరు మారడు, నా బిడ్డ ఒకచోట ఉంటుంది. నేను ఒప్పుకున్నదీ అందుకే. మనిషి నచ్చాడు, కాదనను. అంతకన్నా ఇక మట్టి తట్ట నెత్తికెత్తే పని లేదన్నదే నాకు ఎక్కువ నచ్చింది.

ఎంత పొరపాటు పడ్డానో కాపురానికి వచ్చిన వారంలోనే తెలిసింది. ఆ ఇంట్లో గోడకు ఒక్క మేకు లేదు. బట్టలన్నీ మూటల్లో. మూటలన్నీ గుమ్మం పక్కన. మామిడి మొక్క పెడదామంటే అత్త నా వంక వింతగా చూసి, దాని కాయలు తినేదాకా ఇక్కడెవరుంటారు అంది. రైలు కూత వినబడితే చేస్తున్న పని ఆపేసేది, కూత పోయాక మళ్లీ మొదలుపెట్టేది. ఇల్లు మార్చడానికి లేదు కాబట్టి ఇంట్లో మంచాలు మార్చేది. ఇవాళ తూర్పున పడుకుంటే రేపు పడమర. ఆమె ఒక్కతే కాదు, క్యాంపులో పెద్దవాళ్లందరిదీ అదే తీరు. సాయంత్రమైతే గుంపులుగా నిలబడి, ఏ శిబిరం నుంచి ఎవరు ఎటు పోయారో మాట్లాడుకునేవాళ్లు. కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా? కూర్చోరు.

మామది ఇంకో రకం. ఆయన మాట్లాడడు, తిరగడు. ఆయన చేతుల్లో ఉంది ఆ తొందరంతా. వాళ్ల దేశంలో వైశాఖంలో గాలిదుమారంతో పెద్ద వాన పడుతుందట. పడగానే వడ్లు చల్లాలి. ఇక్కడా వైశాఖంలో ఒక దుమారం లేస్తుంది, ఒక జల్లు పడుతుంది. దాన్ని నమ్మి విత్తనం వేసేవాళ్లు ఈ జిల్లాలో ఎవరూ ఉండరు. వెనకాల రోహిణి ఎండలున్నాయి. మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చి వానలు నిలిచాకే ఇక్కడ నాగళ్లు కదులుతాయి. మామకు ఈ సంగతి తెలుసు. తెలిసీ ఏటేటా మొదటి జల్లుకే లేచి ఇంటి వెనక మడిలో వడ్లు చల్లేవాడు. మొలకలు వచ్చేవి, ఎండకు మాడిపోయేవి. ఊరంతా నవ్వేది. మిరుగంలో మళ్లీ చల్లేవాడు. ఎందుకు మామా ఇదంతా అని అడిగితే, వాన వాసనకు చెయ్యి ఆగదు అనేవాడు. క్యాంపులో ఈ పని చేసే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఒకరిని చూసి ఒకరు సిగ్గుపడుతూ చల్లేవాళ్లు.

అందుకే అత్త విత్తనం మొత్తం ఆయన చేతికిచ్చేది కాదు. సగం ఒక కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, పేడతో మెత్తి తన తలకాడ పెట్టుకునేది. ఎర్రబియ్యం వడ్లు. దేశం దాటేటప్పుడు కొంగున కట్టుకొచ్చిన గుప్పెళ్ల నుంచి ఏటేటా పండించి నిలబెట్టిన విత్తనం.

దేశం దాటిన సంగతి అత్త నాకు ఒకేసారి చెప్పింది. వాళ్లు ఇల్లు వదిలిన నాటికి చేను కోతకొచ్చి ఉందట. ఇంకొన్నాళ్లు ఆగితే ధాన్యం ఇంటికొచ్చేది. ఆగలేదు. అత్త, ఆమె చెల్లెలు ఇద్దరూ ఒక చీర కొంగు చెరో పక్క పట్టుకుని ఆ చేను గట్టు మీదుగానే నడిచి వచ్చారట. కంకులు చీరకు తగులుతున్నా వెనక్కి చూడలేదట. ఆ తర్వాత క్యాంపులోని ఆడవాళ్లంతా ఒక పట్టు పట్టారు. ఇల్లు వదలాల్సి వస్తే వదులుతాం, ఎటు పొమ్మంటే అటు పోతాం, పచ్చగా నిలబడ్డ చేనును మాత్రం ఇంకోసారి వదలం. విత్తనం చల్లిన చెయ్యి కోత కోసేదాకా ఆ నేల దాటదు. దేవుడి పేరు మీద పెట్టుకున్నది కాదు గానీ దేవుడికన్నా ఎక్కువగా పాటించేవాళ్లు. అందుకే క్యాంపు నుంచి ఎవరు లేచిపోయినా ఎండాకాలంలోనే పోయేవాళ్లు, చేలు ఖాళీగా ఉన్నప్పుడు.

ఇక డెబ్బై ఎనిమిది. ఆ ఏడు చలి పోతూనే ఒక మాట పాకింది. బెంగాల్‌లో, సముద్రం దగ్గర, నదుల మధ్య ఒక ద్వీపం ఉందట. మన భాష, మన నీళ్లు, మన చేపలు. పోయి ఉన్నవాళ్లదే ఆ నేల అట. ఎవరు చెప్పారో తెలియదు, అందరికీ తెలిసిపోయింది. ఒడిశా దిక్కు క్యాంపుల నుంచి జనం రైళ్లెక్కుతున్నారన్నారు. మా క్యాంపులో ఎవరికీ నిద్ర లేకుండా పోయింది. పొద్దున లేస్తే ఎవరో ఒకరు రేకులు విప్పుతున్న చప్పుడు. మేకలు పోయాయి, ఎడ్లు పోయాయి, తలుపులు కూడా ఊడదీసి అమ్మారు.

సరిగ్గా అప్పుడు అత్త చెల్లెలు వచ్చింది. ఆ కొంగు రెండో పక్క పట్టుకున్నది ఆమే. లారీలు వేరైనప్పుడు ఆమెను ప్రాణహిత అవతల చాందా దిక్కు క్యాంపులో దింపారు. నది ఇవతల అక్క, అవతల చెల్లె, ఏడాదికి ఒకసారి చూసుకుంటే గొప్ప. భర్త పోయాడు, కొడుకు ముందే ద్వీపానికి వెళ్లాడు. అక్కను తీసుకుని తానూ పోదామని వచ్చింది. నేను ఆమెను చిన్నత్త అనేదాన్ని. నిజం చెప్పాలంటే మంచి మనిషి. వచ్చిన రోజే నా తలలో నూనె పెట్టి, కడుపుతో ఉన్నదానివి జుట్టు ఇట్లా పీచులా ఉంచుకుంటావా అని మందలించింది. ఆమెను తిట్టుకుందామంటే నాకు వీలు దొరకలేదు.

అక్కచెల్లెళ్లు రోజంతా ద్వీపంలో ఇల్లు కట్టుకునేవాళ్లు, మాటలతో. ఒకే వాకిలి, ఎదురెదురు ఇళ్లు, మధ్యన కుంట. అత్త అంతగా నవ్వడం నేను అప్పుడే చూశాను. మంచాలు మార్చడం మానేసింది. రైలు కూతకు లేచి నిలబడేది, నవ్వుతూ.

నాకు మాత్రం కాలు నిలవలేదు. మా ఆయనను నిలదీశాను. ఆయన అటు అమ్మ ముఖం, ఇటు నా ముఖం చూడటం తప్ప ఏ మాటా తేల్చేవాడు కాదు. పోదామనీ అనడు, వద్దనీ అనడు. అందరూ పోతుంటే మనమొక్కళ్లం ఈ అడవిలో ఎట్లా ఉంటామంటాడు. మరి మా బాపు, మా అవ్వ ఇక్కడే ఉన్నారు కదా, వాళ్లు మనుషులు కాదా అన్నాను. రైల్లో కంటానో, నది ఒడ్డున కంటానో చెప్పు, బొడ్డు కోసేది ఎవరో చెప్పు అన్నాను. ఆయన గంచా భుజాన వేసుకుని బయటికి పోయాడు. ఆయనకు అదొక్కటే వచ్చు.

అత్తను కూడా అడిగాను. నాతో తెలుగులోనే మాట్లాడేది, అంగట్లో నేర్చుకున్నది కొంత, నా నోటి నుంచి పట్టుకున్నది కొంత.

"నేను గుడారంల కన్న, బిడ్డా. వానల. నాకేమైంది?" అంది.

గుడారంలో కన్న ఆ పిల్ల నెల తిరక్కుండానే పోయిందని నాకు మా ఆయన చెప్పి ఉన్నాడు. ఆ పిల్ల ఏది అత్తా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి మింగేశాను. అత్తకు నేను ఏం మింగానో తెలిసింది. కడుతున్న మూట ముడి విప్పి, మళ్లీ కట్టింది.

వైశాఖపు దుమారం వచ్చింది. జల్లు పడింది. మామ ఎప్పటిలాగే లేచాడు, తన వంతు వడ్లు తీసుకున్నాడు, మడిలో చల్లాడు. అత్త అరిచింది. అందరూ అమ్ముకుని పోతుంటే ఈయనకు బుద్ధి ఉందా అంది. ఊరు నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వొచ్చి కాదు, ఏడవలేక. సాయంత్రం ఎడ్లకు నీళ్లు పెడుతుంటే మామ నా పక్కకు వచ్చి, ఎటో చూస్తూ మెల్లగా అన్నాడు.

"గీసారి చెయ్యి ఆగక చల్లలే. తెలిసే చల్లిన."

అప్పుడు అర్థమైంది. ఆయనకూ పోవాలని లేదు. పెళ్లాంతో ఆ మాట అనలేడు. చేను మొలిస్తే పట్టు ప్రకారం ఎవరూ కదలరు. అంతకన్నా ఆయనకు దారి తోచలేదు. నేను రోజూ పొద్దున్నే ఆ మడి దగ్గరికి పోయి చూసేదాన్ని. మొలకలు వచ్చాయి, సన్నగా, వేలెడంత. అత్త కూడా వచ్చి చూసేది. మూటలు కట్టడం ఆపింది. చిన్నత్త అక్కడే ఉండిపోయింది, ఏం తేలుతుందా అని.

తేలాల్సినట్టే తేలింది. రోహిణి వచ్చింది. ఆ ఏడు ఎండలు ఎట్లా కాశాయంటే కుంటలో చేపలు తేలాయి. నేను బిందెలతో నీళ్లు మోసి పోశాను. ఆ కడుపేసుకుని ఎన్ని బిందెలు మోస్తావని మా ఆయన లాక్కున్నాడు, తానూ కొన్ని పోశాడు. ఎన్ని పోసినా నిలవలేదు. మొలకలు పసుపుపచ్చగా అయ్యాయి, తర్వాత గడ్డిపోచలయ్యాయి. ఒకరోజు పొద్దున అత్త ఒక పోచ పీకి చూసి, పారేసి, ఇంట్లోకి పోయి మూటలు మళ్లీ ముందేసుకుంది. చేను లేదు, పట్టు లేదు. ఎడ్లను కొనే అతనికి కబురు పోయింది. రైలు సంగతి కనుక్కు రమ్మని మా ఆయనను కాగజ్‌నగర్ పంపారు.

ఆయన వెళ్లిన సాయంత్రమే మిరుగం పడింది. జల్లు కాదు, దుమారం కాదు. నెమ్మదిగా మొదలై తెల్లారేదాకా పడిన వాన. నేను నిద్ర పోలేదు. తెల్లవారి వాకిట్లోకి వస్తే మామ ఎడ్లకు గుంటుక కట్టి మడి పక్కన నిలబడి ఉన్నాడు. విత్తనం కప్పెయ్యడానికి చివర్లో తోలేది గుంటుక. ముందు చల్లడానికి ఆయన దగ్గర ఒక్క గింజ లేదు. ఉన్నదంతా అత్త కుండలో ఉంది, ద్వీపంలో చల్లడానికి. ఆయన నా ముఖం చూశాడు, ఇంటి వైపు చూశాడు. ఆ కుండ ముట్టుకునే ధైర్యం ఆయనకు లేదు.

అక్కచెల్లెళ్లిద్దరూ కుంట దగ్గర ఉన్నారు. నేను లోపలికి పోయి, పేడ మెత్తిన గుడ్డ చింపి, కుండ నడుముకెత్తుకుని వచ్చాను. సాలోళ్ల పిల్లను, నేనెప్పుడు విత్తనం చల్లాను? మామ గాల్లో చెయ్యి తిప్పి చూపించాడు. చల్లాను. ఒకచోట కుప్పగా, ఒకచోట పలచగా, బొర్ర అడ్డం వచ్చి ఎట్లా పడితే అట్లా. వాళ్లు వచ్చేలోపు అయిపోవాలని పరుగులాంటి నడకతో చల్లాను. కుండ బోర్లించి అడుగున ఉన్నవి కూడా దులిపాను. చల్లిన చెయ్యి ఈ నేల దాటదు. పోతే నన్ను, నా కడుపులో బిడ్డను వదిలిపెట్టి పోవాలి. నేను చెప్పదలచుకున్నది అదొక్కటే.

మామ గుంటుక ఇంకా కదిలించనేలేదు, అత్త వచ్చి గట్టు మీద నిలబడింది. వెనక చిన్నత్త. అత్త ఖాళీ కుండ చూసింది, మడి చూసింది.

"ఎవ్వలు చల్లిండ్రు?"

మామ నోరు తెరిచాడు. ఆయన ఏదో ఒకటి చెప్పి తన మీద వేసుకునేలోపు నేనే అన్నాను, నేను అని.

"అన్నీనా?"

"అన్ని."

అత్త తిట్టలేదు. మడిలోకి దిగి గొంతుకూర్చుంది. తడిమట్టిలో వేళ్లు పెట్టి గింజలు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటి తీసి, మట్టి తుడిచి, చెంగులో వేసుకుంటోంది. మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. నేను చేసింది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. కానీ ఆ వేళ్లు చూడటం నా వల్ల కాలేదు. చిన్నత్త వెళ్లి ఆమె భుజం పట్టుకుని వాళ్ల భాషలో ఏదో అంది. అత్త వినలేదు. అడుగు మేర ఏరింది, ఇంకో అడుగు ఏరింది. చెంగులో గుప్పెడు గింజలైనాక ఆగింది. ఇంకా ఎంత మడి ఉందో తలెత్తి చూసింది.

లేచి నిలబడి, ఆ గుప్పెడూ మళ్లీ మడిలోకే చల్లేసింది. ఎంత చక్కగా చల్లిందో, గింజ పక్కన గింజ పడకుండా. చెల్లెలి వైపు తిరిగి, నాకూ అర్థం కావాలనేమో, తెలుగులోనే అంది.

"నా చెయ్యి గూడ పడ్డది. ఇగ నువ్వు పో."

చిన్నత్త రెండు రోజులు ఏడ్చింది, తర్వాత పోయింది. ఆమె కొడుకు అక్కడున్నాడు, ఆమె ఆగలేదు. బస్సు ఎక్కే ముందు నా కడుపు మీద చెయ్యి పెట్టి, ఎవరు పుట్టినా కబురు చెయ్యమంది. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకోలేదు. బస్సు మలుపు తిరిగేదాకా అత్త రోడ్డు మీద నిలబడి, ఇంటికొచ్చి గుమ్మం పక్క మూటలు విప్పింది. మా ఆయన తిరిగొచ్చి ఈ సంగతంతా విని, నాతో ఒక రోజంతా మాట్లాడలేదు. రెండో రోజు మేకులు కొనుక్కొచ్చి గోడకు కొట్టాడు.

ఆ ఏడు క్యాంపులో చాలా ఇళ్లు ఖాళీ అయ్యాయి. అత్త ఆగిందని తెలిసి కొందరు ఆగారు, వాళ్లూ గబగబా చల్లుకున్నారు. క్యాంపు నిలబడింది అంటే ఆ చల్లినవాళ్ల వల్లే నిలబడింది. భాద్రపదంలో నాకు ఆడపిల్ల పుట్టింది, మా ఇంట్లోనే, అత్త చేతుల్లోనే. బొడ్డు ఆమే కోసింది. పిల్లను ఒక్క క్షణం కింద పెట్టేది కాదు. నాతో మాత్రం అవసరానికి మించి మాట్లాడేది కాదు. చేను పండింది. కుప్పగా పడినచోట గుబురుగా, పలచగా పడినచోట బోసిగా. దారిన పోయేవాళ్లు చూసి, ఇదెవరు చల్లారమ్మా అని నవ్వేవాళ్లు. ఒక మూల కొంచెం మేర మాత్రం ఒద్దికగా, సమంగా ఉండేది.

కోత అయిపోయాక, వెళ్లినవాళ్లలో ఒకతను తిరిగి వచ్చాడు. గుర్తుపట్టలేనంతగా ఎండిపోయి వచ్చాడు. ద్వీపం దాకా పోయింది కొందరేనట. మిగతావాళ్లు నది ఒడ్డున తాటాకుల కింద రోజులు గడిపారట. తాగడానికి మంచినీళ్లు లేవు. వాంతులు, విరేచనాలు పట్టుకుని రాలిపోయారట. చిన్నత్తకూ ఆ ఒడ్డునే అదే పట్టుకుందట, ఆమెను తీసుకుపోను వచ్చిన కొడుకు వైద్యుడి కోసం పడవ మీద అవతలి ఒడ్డుకు పోయాడు, వచ్చేసరికి ఆమె లేదు. నోట్లో నీళ్లు పోసినవాళ్లు కూడా లేరని అతను చెప్పాడు. అత్త అంతా విని అతనికి అన్నం పెట్టింది.

నాకు ఏడుపు వచ్చింది. దాంతోపాటు, దాచడమెందుకు, మేం పోలేదు కదా అన్న నిమ్మళం కూడా వచ్చింది. నా బిడ్డ నా ఒళ్లో ఉంది. అత్త కూడా లోపల అదే అనుకుంటుందనుకున్నాను. నువ్వు ఆపకపోతే మేమూ పోయేవాళ్లం కోడలా అని ఏదో ఒక రోజు అంటుందని నిజంగానే ఎదురుచూశాను.

వాళ్లకు నబాన్న అని ఒక పండగ. కొత్త బియ్యం ఇంటివాళ్లు తినకముందు చచ్చిపోయినవాళ్లకు పెట్టాలి. కొత్త బియ్యం నానబెట్టి దంచి, పాలు, బెల్లం, అరటిపండు కలిపి, అరటాకు ముక్కల్లో వాకిట్లో పెడతారు. కాకులు ముడితే పెద్దలు తిన్నట్టు. అత్త పొద్దున్నే స్నానం చేసి ఆకులు పరిచింది. వాళ్ల నాయనకు, అమ్మకు, అత్తమామలకు, గుడారంలో పోయిన పిల్లకు. అన్నింటిలో తనే వడ్డించింది. చివర ఇంకో ఆకు పరిచి, దాంట్లో ఏమీ పెట్టకుండా నన్ను పిలిచింది. గిన్నె నా చేతికిచ్చింది.

"గిది నా చెల్లెకు. నువ్వు పెట్టు. గీ వడ్లు నువ్వు చల్లినయి."

అత్తా, నేను పిల్ల కోసం, అని ఏదో మొదలుపెట్టాను.

"ఎరికే" అంది. గొంతులో కోపం లేదు. "బిడ్డ కోసం చల్లినవ్. నేనైనా గదే చేద్దును. గని నేనుంటే దాని నోట్లె నీళ్లు పోసేదాన్ని. నన్ను సంతోషపడుమని మాత్రం అడుగకు."

నేను వడ్డించాను. గిన్నె అడుగుదాకా ఊడ్చి పెట్టాను. లోపల పిల్ల లేచి ఏడుస్తోంది. ఇద్దరిలో ఎవరమూ లోపలికి పోలేదు. కాకి వచ్చి ఆ చివరి ఆకు ముట్టేదాకా వాకిట్లోనే నిలబడ్డాం, ఆమె ఆ పక్కన, నేను ఈ పక్కన.